ఇంటి దగ్గరే కారు ముందు కాయిల్ స్ప్రింగులు మార్చడం ఎలా?

ముందు చక్రం గుంటలో దిగినప్పుడల్లా టక్‌మని ఇనుప చప్పుడు వస్తోందా? చదునైన గచ్చు మీద ఆపినా కారు ఒక పక్కకి ఒరిగి కనిపిస్తోందా? స్టీరింగ్ పూర్తిగా ఒక వైపుకి తిప్పి, టార్చి వేసి, చక్రం వెనక ఉన్న స్ప్రింగు అడుగు చుట్టును చూడండి. స్ప్రింగులు తరచు విరిగేది అక్కడే. స్ప్రింగు కూర్చునే కింది కప్పులో ఇసుక, వాన నీళ్లు నిలుస్తాయి. మన విశాఖలో దానికి సముద్రపు గాలిలోని ఉప్పు కూడా తోడవుతుంది. పెయింటు లేచిన చోట తుప్పు తిని గుంట పడుతుంది, ఏదో ఒకరోజు స్పీడ్ బ్రేకర్ మీద ఆ చుట్టు తెగుతుంది. లాసన్స్ బే కాలనీలోనో, భీమిలి రోడ్డు పక్కనో ఆరుబయట కారు ఆపేవాళ్లు సర్వీసు చేయించినప్పుడల్లా ఈ చుట్టును చూపించుకోవాలి. విరిగిన ముక్క పక్కకి జారి టైరును కోసేసే ప్రమాదం ఉంది కాబట్టి, తెగిన స్ప్రింగుతో కారు నడపకూడదు.

ఇక్కడ చెప్పేదంతా స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే స్ట్రట్‌గా ఉండే కార్ల గురించి. స్విఫ్ట్, వ్యాగన్ఆర్, ఐ20, టియాగో లాంటి మన రోడ్ల మీది చిన్న కార్లన్నిటికీ ముందు వైపు ఇదే ఏర్పాటు. ఛాసీ ఫ్రేమ్ మీద కట్టిన పెద్ద బండ్లలో స్ప్రింగు విడిగా, రెండు ఆర్మ్‌ల మధ్య ఉండొచ్చు. దాని పద్ధతి పూర్తిగా వేరు, ఇది చదివి వాటి మీద చేయి వేయొద్దు.

స్ప్రింగులు జతగానే మార్చాలి. ఒక వైపుది విరిగింది కదా అని ఒక్కటే కొంటే, కొత్తది గట్టిగా, పాతది మెత్తగా ఉండి కారు ఒరుగుతుంది, బ్రేకు వేస్తే పక్కకి లాగుతుంది. కొనేటప్పుడు మోడల్, ఇంజిన్ రెండూ చెప్పండి. డీజిల్ ఇంజిన్ బరువు ఎక్కువ కాబట్టి అదే మోడల్ పెట్రోల్ కారు స్ప్రింగు దానికి సరిపోదు. పాత కార్ల నుంచి ఊడదీసిన స్ప్రింగులు ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. ఒక చుట్టు కోసి కారును కిందికి దించే పని అసలే వద్దు. కోసిన కొస కప్పులో సరిగ్గా కూర్చోదు, పెద్ద గుంటలో స్ప్రింగు పక్కకి తప్పుకుంటుంది.

సామాన్లు: జాకీ, రెండు జాకీ స్టాండ్లు, సాకెట్ సెట్టు, రింగ్ పానాలు (14, 17, 19 తప్పకుండా), అలెన్ కీలు, టార్క్ రెంచ్ (నట్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), వైర్ బ్రష్, తుప్పు వదిలించే స్ప్రే, కొంచెం గ్రీజు, తెల్ల పెయింట్ మార్కర్, కట్టు తీగ, కళ్లద్దాలు, చేతికి గ్లవ్స్. వీటితో పాటు స్ప్రింగును అణిచి పట్టే ఒక జత స్ప్రింగ్ కంప్రెసర్లు. పొడవాటి మరతో, రెండు చివర్లా కొక్కేలతో ఉండేవి. కొక్కేలకు లాక్ పిన్నులు ఉన్నవే తీసుకోండి. మర అరిగినా, కొక్కెం కొంచెం వంగినట్టు కనిపించినా వాటిని తిరిగి ఇచ్చేయండి. స్ట్రట్ పైన ఉండే నట్టు లాక్ నట్టు, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, రెండు కొత్తవి తెచ్చుకోండి. పై మౌంటింగు, బేరింగు, బంప్ స్టాపు, డస్ట్ కవరు కూడా అప్పుడే చూసుకుని, రబ్బరు పగిలి ఉంటే మార్చేయండి. వీటి కోసం మళ్లీ ఇంత పనీ విప్పడం దండగ.

పని పొద్దున్నే మొదలుపెట్టాలి. ఎండాకాలం మన ఊళ్లో తొమ్మిది దాటితే చెమటకు పానా చేతిలో నిలవదు, పైగా మధ్యాహ్నానికి తొందర మొదలవుతుంది. సెలవు రోజు పెట్టుకోండి, సాయంత్రం ఎక్కడికైనా వెళ్లే పని ఉంటే పెట్టుకోవద్దు.

స్థలం సంగతి కొంచెం గట్టిగా చెప్పాలి. విశాఖలో చాలా కాలనీలు కొండ వాలు మీదే ఉన్నాయి. కంటికి చదునుగా కనిపించే వీధి కూడా వాలుగానే ఉంటుంది. నేల మీద నీళ్లు పోసి చూడండి, పారితే అక్కడ కారు లేపొద్దు. మట్టి, ఇసుక నేల మీద జాకీ దిగబడుతుంది. అపార్ట్‌మెంటు సెల్లార్‌లో నున్నటి టైల్స్ ఉంటే జాకీ జారుతుంది. గట్టి కాంక్రీటు గచ్చు మాత్రమే కావాలి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రాల నట్లు కారు నేల మీద ఉన్నప్పుడే వదులు చేసి, తర్వాత లేపి స్టాండ్ల మీదికి దించండి. ఒట్టి జాకీ మీద, ఇటుకల మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టే పని ఎవరూ చేయకూడదు. ఇటుక ముందుగా చెప్పి పగలదు.

ఇక స్ట్రట్ విప్పడం, ఇది తేలిక. చక్రం తీయండి. స్ట్రట్‌కు పట్టి ఉన్న బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు క్లిప్పులు విడదీయండి. లింక్ రాడ్ నట్టు విప్పండి. స్ట్రట్ కింద నకిల్‌ను, అంటే చక్రం హబ్బును మోసే ఇనుప భాగాన్ని, పట్టుకుని రెండు పెద్ద బోల్టులు ఉంటాయి. విప్పే ముందు వాటి తలల చుట్టూ, స్ట్రట్ అంచు వెంబడి పెయింట్ మార్కర్‌తో గీతలు గీయండి. మళ్లీ బిగించేటప్పుడు చక్రం వాలు దాదాపు పాత చోటికి వస్తుంది. బోల్టులు తీసేముందు నకిల్‌ను తీగతో కట్టండి. లేకపోతే అది బయటికి పడిపోయి బ్రేకు హోసు లాగుతుంది, లోపల డ్రైవ్ షాఫ్ట్ జాయింటు ఊడుతుంది. తర్వాత బోనెట్ ఎత్తి, స్ట్రట్ పైన అంచున ఉన్న రెండు మూడు చిన్న నట్లు విప్పండి. చివరి నట్టు విప్పుతున్నప్పుడు కింద ఒక చేయి పట్టుకుని ఉండాలి, లేదా ఇంట్లో ఇంకొకరిని పిలవండి.

బోనెట్ కింద ఆ చిన్న నట్ల నడుమ కనిపించే లాక్ నట్టు జోలికి, అంటే నడిమి నట్టు జోలికి, మాత్రం పోవద్దు. స్ప్రింగును అణిచి పెట్టి ఉంచేది అదే. కారులో ఉన్నప్పుడే దాన్ని కొద్దిగా సడలిస్తే తర్వాత సులువని కొందరు చెబుతారు. ఎంత తిప్పామో లెక్క తప్పితే ఏమవుతుందో ఆలోచించండి. స్ప్రింగును పూర్తిగా కంప్రెసర్లలో బంధించాకే ఆ నట్టు మీద పానా పెట్టాలి.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చిన్న కారు ముందు చక్రం ఒక్కోటి సుమారు రెండు మూడు వందల కిలోల బరువు మోస్తుంది. అంత బరువును మోయడానికి చేసిన స్ప్రింగును మీరు ఇప్పుడు చేతులతో అణుస్తున్నారు. నట్టు ఊడిందా, కొక్కెం జారిందా, ఆ బలమంతా ఒక్క క్షణంలో బయటికి వస్తుంది. పళ్లు, దవడలు విరగ్గొట్టుకున్నవాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఈ పనిలో మిగతాదంతా మామూలు పానా పనే, జాగ్రత్తంతా ఈ అరగంటకే దాచుకోండి. పిల్లల్ని, చూడటానికి వచ్చిన పక్కింటివాళ్లని దూరం పంపండి. కళ్లద్దాలు ఇప్పుడు తప్పనిసరి.

స్ట్రట్‌ను గచ్చు మీద అడ్డంగా పడుకోబెట్టండి. రెండు కొసల్లో ఏదీ మనిషి వైపు ఉండకూడదు. ఒక కొస గోడ వైపు, ఇంకో కొస ఖాళీ స్థలం వైపు పెట్టి, మీరు పక్కన కూర్చోండి. స్ప్రింగు కొస ఎదురుగా ముఖం గానీ కడుపు గానీ ఎప్పుడూ రాకూడదు, వంగి చూడాల్సి వస్తే కూడా పక్క నుంచే.

కంప్రెసర్లను ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా పెట్టండి. వీలైనన్ని చుట్లు పట్టేలా, పై కొక్కెం పై కప్పుకు దగ్గరగా, కింది కొక్కెం కింది కప్పుకు దగ్గరగా ఉండాలి. రెండు చుట్లే పట్టించి అణిస్తే అవి కలిసిపోతాయి తప్ప స్ప్రింగు మొత్తం పొట్టి కాదు. కొక్కెం తీగ మీద పూర్తిగా కూర్చోవాలి. అక్కడ గ్రీజు, నూనె ఉంటే గుడ్డతో తుడిచేయండి, లేదంటే కొక్కెం చుట్టు వెంబడి జారిపోతుంది. గ్రీజు పూయాల్సింది కంప్రెసర్ మరకు మాత్రమే. లాక్ పిన్నులు వేయండి. స్ప్రింగు విరిగి ఉంటే విరిగిన చుట్టుకు కొక్కెం తగిలించొద్దు. ఎక్కువ చుట్లు పోయిన స్ప్రింగైతే ఇంట్లో ఈ పని ఆపేయాలి.

ఇప్పుడు చేతి పానాతో కంప్రెసర్ మరను ఒక వైపు 2 చుట్లు తిప్పండి, రెండో వైపు 2 చుట్లు. అంతే, ఇలాగే మార్చి మార్చి. రెండు కంప్రెసర్లలో మిగిలిన మర పొడవు ఎప్పుడూ సమానంగా కనిపించాలి. ఒక వైపు ఎక్కువ బిగిస్తే స్ప్రింగు విల్లులా వంగుతుంది, అవతలి కొక్కెం జారడానికి సిద్ధమవుతుంది. వంగినట్టు అనిపించిన వెంటనే ఆపి, ఎక్కువ బిగిసిన వైపును వదులు చేయండి. ఇంపాక్ట్ గన్‌తో ఈ మర తిప్పడం చాలా షాపుల్లో చూస్తుంటాం. గన్‌కు తొందర తప్ప ఇంకేమీ తెలియదు. మర వేడెక్కి పట్టేస్తుంది, ఎంత బలం పడుతోందో చేతికి తెలియదు. చేతి పానా బిగుసుకుంటుంటే ఏదో అడ్డు పడిందని మనకు వెంటనే తెలుస్తుంది. పది నిమిషాలు ఎక్కువ పట్టినా ఈ పని చేత్తోనే చేయాలి. కంప్రెసర్లు లేకుండా తాడుతోనో, ఇనుప తీగతోనో చుట్టి నట్టు విప్పే పద్ధతి గురించి అసలు మాట్లాడను. అది ఎవరు చేస్తున్నా అక్కడి నుంచి దూరంగా వెళ్లండి.

ఎంత వరకు బిగించాలి? పై కప్పుకూ స్ప్రింగుకూ మధ్య సందు వచ్చేదాకా. పై మౌంటింగు పట్టుకుని ఊపితే అది సులువుగా కదలాలి, స్ప్రింగు చేత్తో తిప్పితే కప్పులో తిరగాలి. ఈ రెండూ జరిగితే స్ప్రింగు బలమంతా కంప్రెసర్ల మీదికి వచ్చిందని, నడిమి నట్టు మీద ఏ భారమూ లేదని అర్థం. రెండింట్లో ఒకటి జరగకపోయినా ఇంకొంచెం బిగించండి. అలాగని చుట్లు ఒకదానికొకటి తగిలేదాకా బిగించొద్దు. ఇది చూసుకోకుండా నట్టు విప్పితే ప్రమాదమే.

అప్పుడు నట్టు విప్పండి. లోపలి రాడ్ కూడా తిరిగితే, రాడ్ చివర అలెన్ కీ పెట్టి ఆపి, పక్క నుంచి రింగ్ పానాతో విప్పాలి. రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకోవద్దు. దాని క్రోమ్ మీద చిన్న గీత పడినా షాకబ్జర్ సీలు కోసుకుపోయి నూనె కారుతుంది. మౌంటింగు, బేరింగు, కప్పు, డస్ట్ కవరు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి.

అణిచిన స్ప్రింగును అలా వదిలేసి టీ తాగడానికి వెళ్లొద్దు. బయటికి తీసిన వెంటనే, రెండు వైపులా మార్చి మార్చి పూర్తిగా వదులు చేయండి. మొదటి చుట్టు తగ్గించగానే మిగతాది తేలికే అనిపిస్తుంది, అక్కడే చేయి తొందరపడుతుంది. చివరి చుట్టు దాకా అదే వరస.

ఇదంతా చదివాక మనసులో ఏ మూలైనా బెరుకు ఉంటే, విప్పిన స్ట్రట్‌లు రెండూ వేరే బండిలో వేసుకుని గాజువాక ఆటోనగర్‌కు తీసుకెళ్లండి. గోడకు బిగించిన కంప్రెసర్ మెషీను ఉన్న షాపులో స్ప్రింగులు మార్పించి తెచ్చుకోవచ్చు. మిగతా పని మీరే చేసుకున్నట్టవుతుంది, డబ్బూ మిగులుతుంది.

కొత్త స్ప్రింగు బిగించేటప్పుడు కూడా అదే జాగ్రత్త, కంప్రెసర్లు పెట్టి సమానంగా అణచాలి. దాని పైభాగం, కిందిభాగం తేడా ఉండొచ్చు, చుట్ల మధ్య దూరాలు చూసి పాతదానితో పోల్చుకోండి. కింది కప్పులో ఒక మెట్టు ఉంటుంది, స్ప్రింగు కొస దానికి ఆనుకుని కూర్చోవాలి. కొస మెట్టు మీదికి ఎక్కి కూర్చుంటే స్ప్రింగు వంకరగా ఉంటుంది, కొన్నాళ్లకు అక్కడే విరుగుతుంది. కప్పులోని పాత తుప్పు, ఇసుక వైర్ బ్రష్‌తో గీకి పూర్తిగా తీసేయండి. బంప్ స్టాపు, డస్ట్ కవరు, పై కప్పు, బేరింగు, మౌంటింగు ఫొటో చూసి వరసగా పెట్టండి. పై కప్పు మీద బాణం గుర్తు ఉంటే అది ఎటు చూడాలో సర్వీసు మాన్యువల్‌లో చూసుకోండి. కొత్త లాక్ నట్టు బిగించి, ఆ తర్వాతే కంప్రెసర్లు వదులు చేయాలి, రెండు వైపులా మార్చి మార్చి, కొస మెట్టు దగ్గరే ఉందా అని చూసుకుంటూ. రెండో స్ట్రట్ ఇది పూర్తయ్యాకే విప్పండి. ఏదైనా అనుమానం వస్తే చూసుకోవడానికి ఒకటి యథాతథంగా ఉంటుంది.

తిరిగి బిగించడం విప్పిన వరసకు తలకిందులు. పై నట్లు చేత్తో పట్టించి, కింది రెండు బోల్టులు దూర్చి, గీతలు కలిసేలా పెట్టి బిగించండి. ప్రతి నట్టూ మీ మోడల్ మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించాలి, అంచనాలు వద్దు. బ్రేకు హోసు మెలిపడకుండా క్లిప్పులో కూర్చోబెట్టండి. చక్రం వేసి కారు కిందికి దించాక చక్రం నట్లు ఎదురెదురుగా టార్క్ రెంచ్‌తో బిగించండి.

మొదటి పరుగు కాలనీలోనే, నెమ్మదిగా. రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి, స్టీరింగ్ చివరిదాకా రెండు వైపులా తిప్పి చూడండి. చప్పుడు వస్తే ఇంటికి తెచ్చి, స్ప్రింగు కొస, పై నట్లు చూడండి. సింహాచలం ఘాట్ మీదికి వెళ్లడం, బీచ్ రోడ్డు మీద వేగంగా పోవడం వీల్ అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిశ సరిచేయడం) చేయించాక మాత్రమే. ఎంత సరిగ్గా గీతలు కలిపినా అలైన్‌మెంట్ తప్పదు, లేదంటే కొన్ని వేల కిలోమీటర్లలోనే టైర్లు ఒక పక్క అరిగిపోతాయి. ఓ 200 కిలోమీటర్లు నడిచాక నకిల్ బోల్టులు, పై నట్లు, చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూసుకోండి.