టైల్స్ మీదే చెక్క ఫ్లోరింగ్ వేసుకోవడం ఎలా?

పడకగదిలోని పాత టైల్స్ పగలగొట్టకుండానే, వాటి మీద 8 మి.మీ. మందం గల లామినేట్ పలకలను (నొక్కిన చెక్కపొట్టు పలకపై చెక్క రూపు పొర అతికించినవి) సొంతంగా పరచుకోవచ్చు. పలకల పెట్టెలను విప్పకుండా అదే గదిలో 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి. విశాఖ వంటి తీరప్రాంతాల్లో గది తేమకు అలవాటు పడకముందే బిగిస్తే, పలకలు తరువాత ఉబ్బి మధ్యలో పైకి లేస్తాయి.

రెండు మీటర్ల తిన్నని అల్యూమినియం పట్టీని నేలకు ఆనించినప్పుడు కింద 3 మి.మీ. కంటే ఎక్కువ సందు కనిపిస్తే, ఆ పల్లాన్ని పూడ్చి, పూర్తిగా ఆరిన తరువాతే పలకల కింద వేసే మెత్తని ఫోమ్ షీటు పరచాలి.

పలకలు తేమకు ఉబ్బినా జరగడానికి చోటుండేలా, గోడల వెంట నాలుగు వైపులా 10 మి.మీ. ఖాళీ వదలడమే ఈ పనికి ప్రాణం. అంత మందమున్న చెక్క ముక్కలను గోడకూ పలకకూ మధ్య దూర్చి, పని ముగిశాక తీసివేయాలి. ఆ సందును కప్పే బీడింగును గోడకే బిగించాలి తప్ప పలకకు మేకు కొట్టకూడదు.

పలకను కొంచెం వాల్చి, దాని అంచును ముందు వరుస గాడిలో పెట్టి కిందికి నొక్కితే టక్కున కూర్చుంటుంది. మొండికేస్తే సుత్తితో నేరుగా కొట్టకుండా, మధ్యలో చెక్క దిమ్మ ఉంచి మెల్లగా తట్టాలి. పక్కపక్క వరుసల అతుకుల మధ్య కనీసం 30 సెం.మీ. ఎడం ఉండాలి.

తలుపు కొత్త నేలకు రాసుకుంటుందేమో మొదటి పలక వేయకముందే చూసుకుని, అవసరమైతే వడ్రంగి చేత అడుగున చిత్రిక పట్టించాలి.