ప్లగిన్ హైబ్రిడ్ ఉందా? ఛార్జింగ్ అంతా హైవే మీద తగలేయకండి

మేముండేది న్యూజెర్సీ ఎడిసన్‌లో, నడిపేది 2021 టయోటా రావ్4 ప్రైమ్, అంటే ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, గ్యాస్ (పెట్రోల్) ఇంజన్ రెండూ ఉన్న ప్లగిన్ హైబ్రిడ్. కొత్తలో నేను చేసిన తప్పే ఇప్పుడు మా ఫ్రెండ్స్‌లో సగం మంది చేస్తున్నారు. పొద్దున్నే ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరి నేరుగా హైవే ఎక్కేసి, 75 మైళ్ల స్పీడ్‌లో ఆ ఛార్జ్ మొత్తం ఊదేసి, తీరా ఊళ్లో సిగ్నల్స్ దగ్గరికొచ్చేసరికి ఇంజన్ మీద పడటం. అసలు చేయాల్సింది దీనికి పూర్తిగా రివర్స్.

స్పీడ్ పెరిగే కొద్దీ పవర్‌లో ఎక్కువ భాగం గాలిని తోసుకెళ్లడానికే పోతుంది కాబట్టి, కాగితం మీద 42 మైళ్లని రాసున్న ఈవీ రేంజ్ (ఒక్క బ్యాటరీ మీదే వెళ్లే దూరం) హైవే మీద గబగబా కరిగిపోతుంది. ఇంజన్‌కేమో అదే హైవే హాయి, ఒకసారి వేడెక్కాక ఒకే స్పీడ్‌లో సాగిపోతుంది. బ్యాటరీకి ఊరే నయం, బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కొస్తుంది కూడా. అందుకని ఛార్జ్‌కి మించిన ట్రిప్ అయితే ఇంటి నుంచి ర్యాంప్ దాకా ఈవీ, హైవే ఎక్కగానే బటన్ నొక్కి హెచ్‌వీ (ఛార్జ్ దాచుకుని ఇంజన్ మీద నడిచే హైబ్రిడ్ మోడ్), ఎగ్జిట్ తీసుకోగానే మళ్లీ ఈవీ. ఇంటికొచ్చేసరికి బ్యాటరీ ఖాళీ అయిపోవాలి, మిగిల్చుకుని వచ్చారంటే ఆ మేరకి గ్యాస్ ఊరికే కాల్చినట్టే. బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వర స్వామి గుడికెళ్లి రావడం లాంటి వాటికి ఈ లెక్కలేం అక్కర్లేదు, రానూపోనూ ఛార్జ్ సరిపోతుంది.

పిట్స్‌బర్గ్ గుడికెళ్లేటప్పుడు మాత్రం ఇంకో కిటుకుంది. పెన్సిల్వేనియా టర్న్‌పైక్ మీద కొండలెక్కి దిగుతూ ఉంటాం కదా, దిగేటప్పుడు బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కొచ్చే కరెంటు దాచుకోవడానికి చోటుండదు, ఇంజన్ ఊరికే గోల పెడుతూ బండిని ఆపుతుంది. అందుకే ఇంటి దగ్గరే ఒక పది మైళ్లు ఈవీలో వాడేసి, మిగతాది హెచ్‌వీలో కాపాడుకుంటూ వెళ్లి, పిట్స్‌బర్గ్ ట్రాఫిక్‌లోకి రాగానే బయటికి తీస్తా.

హైవే మీద ఛార్జ్ మోడ్ పెట్టుకుని బ్యాటరీ నింపుకుందామని కొందరంటారు. వద్దు. గ్యాస్ కాల్చి కరెంటు చేసి, దాన్ని బ్యాటరీలో పెట్టి, మళ్లీ తీసి మోటార్‌కిచ్చి, ప్రతి మలుపులోనూ కొంత పోగొట్టుకుని... ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంటుంది.

బ్రేక్ సంగతి. సిగ్నల్ దూరంగా ఎర్రగా కనిపించగానే కాలు తీసేసి మెల్లగా నొక్కుతూ పోతే పవర్ మీటర్ ముల్లు ఛార్జ్ వైపు పడిపోతుంది, అదంతా బ్యాటరీలోకే. చివర్లో గట్టిగా తొక్కితే మామూలు బ్రేక్ ప్యాడ్లు పట్టుకుంటాయి, ఆ శక్తంతా వేడైపోయి గాల్లో కలుస్తుంది. మా ఆవిడ వారం రోజులు నడిపాక ఫుల్ ఛార్జ్ చేస్తే స్క్రీన్ మీద 46 మైళ్లు చూపిస్తుంది, నేను నడిపాక 40 దాటదు, ఇంట్లో దీని మీద పంచాయితీ ఇంకా తెగలేదు.

ఇక చలికాలం. మొదటి జనవరిలో పాల క్యాన్ కోసం రెండు మైళ్లు వెళ్దామని ఫుల్ ఛార్జ్‌తో బయల్దేరితే ఇంజన్ దానంతటదే స్టార్టయింది, బండి పాడైందనుకుని తెగ కంగారుపడ్డా. తీరా చూస్తే అద్దం మీద పొగమంచు పోవాలని నేను నొక్కిన ఫ్రంట్ డీఫ్రాస్ట్ బటన్ పని అది. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టయితే కాస్త వేడెక్కేదాకా ఆగదు, చిన్న ట్రిప్పుల్లో గ్యాస్ దండగయ్యేది ఇక్కడే. ఫారెన్‌హీట్‌లో 14 కిందికి పోతే హీటర్ వేసినా ఇంజన్ వస్తుంది, అప్పుడు చేసేదేం లేదు. మిగతా రోజుల్లో బయల్దేరే పది నిమిషాల ముందు, ప్లగ్ పీకకుండానే యాప్‌లో హీటర్ ఆన్ చేసుకోండి. మామూలు 120 వోల్టుల ప్లగ్గైతే 1.4 కిలోవాట్లే ఇస్తుంది కాబట్టి బ్యాటరీ కూడా కొంచెం తగ్గొచ్చు, అయినా లాభమే. రోడ్డెక్కాక సీట్ హీటర్, స్టీరింగ్ హీటర్ పెట్టుకుని గాలి హీటర్ తగ్గించండి, మనిషికి వెచ్చదనం చాలు, కారంతా కాచక్కర్లేదు. టైర్లలో గాలి కూడా చూసుకోండి, 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది. డ్రైవర్ డోర్ తీస్తే ఎంత ఉండాలో స్టిక్కర్ మీద ఉంటుంది.

అసలు ఛార్జ్ చేస్తే డబ్బులు మిగులుతాయా అనేది మీ కరెంటు బిల్లు చెప్పాలి. ఈ బండి వంద మైళ్లకి 36 యూనిట్లు తాగుతుంది, గ్యాస్ మీదైతే గాలన్‌కి 38 మైళ్లు, అంటే వందకి 2.6 గాలన్లు. అడ్డదారి లెక్క ఏంటంటే గాలన్ రేటుని 14తో భాగించండి. గ్యాస్ 3.50 డాలర్లుంటే 25 సెంట్లొస్తుంది, మీ యూనిట్ రేటు అంతకన్నా తక్కువైతే ఛార్జ్ చేయండి, ఎక్కువైతే జేబు వరకు హెచ్‌వీనే చవక. యూనిట్‌కి 40 సెంట్లు కట్టే కాలిఫోర్నియా వాళ్లు రాత్రి రేటు చూసుకోకుండా ప్లగ్ పెట్టకండి.

అన్నట్టు ఈవీలోనే తిరిగేవాళ్లు ట్యాంక్ ఫుల్ కొట్టించకండి, గ్యాస్ నెలలకొద్దీ నిలవుంటే పాడవుతుంది, ఆ బరువూ ఊరికే మోయాలి. నేను సగం ట్యాంకే కొట్టిస్తా, నెలకోసారి హైవే మీద అరగంట హెచ్‌వీలో నడుపుతా.