ఓడ దిగకముందే అయినవాళ్లకు తర్వాతి క్రూజ్ బుక్ చేయడం

సముద్ర విహారయాత్రలు (క్రూజ్‌లు) నడిపే రాయల్ కరీబియన్ కంపెనీ ఓడల్లో ‘నెక్స్ట్‌క్రూజ్’ అనే కౌంటర్ ఉంటుంది. ప్రస్తుత యాత్ర ముగియకముందే తర్వాతి యాత్రకు డిపాజిట్ కట్టి క్యాబిన్ ఖాయం చేసుకుంటే, ఆ యాత్రలో ఓడపై ఖర్చు పెట్టుకోవడానికి కొంత ఆన్‌బోర్డ్ క్రెడిట్ ఇస్తుంటారు. చివరి రోజున అక్కడ రద్దీ ఎక్కువ కాబట్టి, ఓడ ఏ రేవులోనూ ఆగకుండా సముద్రంలోనే ఉండే మొదటి రోజున వెళ్లడం మంచిది.

బంధుమిత్రుల కోసం బుక్ చేస్తున్నప్పుడు, ఆ క్రెడిట్ వారికి వర్తించాలంటే మీరు కూడా ప్రయాణించాలా అన్నది ముందుగా అడగండి. ఈ నియమం కంపెనీని బట్టి మారుతుంది. డిస్నీ ఓడల్లో, తేదీ ఎంచుకోకుండానే డిపాజిట్ కట్టి తీసుకునే ‘ప్లేస్‌హోల్డర్’ రాయితీ, దాన్ని కొన్నవారు స్వయంగా ప్రయాణిస్తేనే చెల్లుతుంది.

ప్రతి ఒక్కరి పాస్‌పోర్టు ఫొటో పేజీని ఇంటి దగ్గరే ఫోనులో భద్రపరచుకుని బయలుదేరండి. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, పొడి అక్షరంగా కుదిస్తాం, కొందరి పాస్‌పోర్టులలో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. అందువల్ల మామయ్యను ఇంట్లో ఏమని పిలుస్తారో దాన్నిబట్టి కాక, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టుగా పేరు రాయించాలి.

అమెరికాలోని తెలుగువారు గాల్వెస్టన్, మయామీల నుంచి తల్లిదండ్రులతోనో స్నేహితులతోనో బయలుదేరే యాత్రలకు వీసాయే అసలు చిక్కు. ఓడ బహామాస్ వెళ్లి వస్తే అది మళ్లీ అమెరికాలో ప్రవేశించడమే కనుక, తల్లిదండ్రుల సందర్శక వీసా పలుమార్లు ప్రవేశానికి అనుమతించేదై, తిరిగివచ్చే తేదీకి చెల్లుబాటులో ఉండాలి. హెచ్-1బి స్టాంపు గడువు తీరిన స్నేహితుడికి, కెనడా, మెక్సికోలకు 30 రోజుల లోపు వెళ్లివచ్చేవారికి పాత స్టాంపుతోనే తిరిగి ప్రవేశించేందుకు ఉన్న వెసులుబాటు కరీబియన్ దీవులకు వర్తించదు. కాబట్టి ఏడాదిన్నర తర్వాతి యాత్ర బుక్ చేసేటప్పుడు నేటి వీసాను కాక, ఆనాటికి మిగిలే వీసాను లెక్కలోకి తీసుకోవాలి. రాయల్ కరీబియన్ నియమాల ప్రకారం పసిపిల్లలకు కనీసం 6 నెలలు, మహాసముద్రం దాటే యాత్రలకు 12 నెలలు నిండాలి. గర్భిణులకు యాత్ర ముగిసేలోగా 24వ వారం రాకూడదు.

డబ్బు విషయంలో నాదొక పట్టుదల: ఇతరుల కోసం కట్టే డిపాజిట్ తిరిగివచ్చే రకమే అయి ఉండాలి. తిరిగిరానిది కాస్త చవకే, కానీ బావగారికి సెలవు దొరకకపోతే ఆ నష్టం ఎవరిదన్న మాట చుట్టరికం మధ్యకు వస్తుంది. రాయల్ కరీబియన్‌లో మిగతా సొమ్ము 4 రాత్రుల వరకు ఉండే యాత్రలకు 75 రోజుల ముందు, అంతకు మించినవాటికి 90 రోజుల ముందు కట్టాలి. ఆ గడువుకు వారం ముందే అందరి దగ్గరా వసూలు చేయండి. ఛార్జీలను క్యాబిన్‌కు ఇద్దరి చొప్పున లెక్కగడతారు కాబట్టి, ఒంటరిగా వచ్చే పెద్దమ్మకు దాదాపు రెండు ఛార్జీలు పడవచ్చని ముందే చెప్పాలి.

ఒక కుటుంబం మానుకున్నా మిగిలినవారికి ఇబ్బంది రాకుండా ప్రతి కుటుంబానికీ వేరు బుకింగ్ నంబరు తీసుకుని, భోజనం ఒకేచోట కుదిరేలా వాటిని జతచేయమని కోరండి. పక్కపక్క గదులు కావాలంటే, గది నంబరును తర్వాత కంపెనీయే నిర్ణయించే ‘గ్యారంటీ’ క్యాబిన్ల జోలికి పోకండి. రసీదులోని పేర్లను అక్షరమక్షరం సరిచూసుకున్నాకే కౌంటర్ దగ్గరి నుంచి లేవండి.