బారెల్ మార్చమన్నారు, దూదిపుల్ల కాపాడింది

పాతది కొన్న నా 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్ నెల రోజులు ఏడిపించింది. అనంతపురంలో మా పెరటి గోడకు ఇసుక బస్తాలు పేర్చి 10 మీటర్ల నుంచి కాలిస్తే, రూపాయి బిళ్లంత చోట పడాల్సిన అయిదు గుండ్లు అరచేయంత మేర చెదిరాయి. బారెల్ అరిగిందన్నారు అందరూ. నాకు నమ్మకం కుదరలేదు.

చెక్క భాగపు మరలు బిగించాను, తేడా లేదు. తరువాత ఒక గుండును సన్నని కడ్డీతో బారెల్ గుండా మెల్లగా తోశాను. ఎక్కడా పట్టు సడలకుండా, లోపలి మెలి గాడుల వెంట తిరుగుతూ ఒకే బిగువుతో వెళ్లింది. అంటే లోపల బాగానే ఉంది. ఇక మిగిలింది మూతి, అంటే గుండు బయటికి వచ్చే బారెల్ చివరి అంచు. చెవి శుభ్రం చేసుకునే దూదిపుల్లను అంచు చుట్టూ తిప్పితే ఒక్కచోట పోగు చిక్కుకుంది! అంత గరుకే చాలు. గుండు బయటపడే క్షణంలో గాలి ఒక పక్క నుంచి ముందుగా తప్పించుకుని దాని దారిని వంకర చేస్తుంది.

బైకు మెకానిక్ దగ్గర వాల్వు పేస్టు (లోహాన్ని అరగదీసి నునుపు చేసే గరుకు ముద్ద) చిటికెడు అడిగి తెచ్చాను. గుండ్రటి తల ఉన్న ఇత్తడి మరకు పూసి, మూతికి ఆనించి వేళ్లతో అటూ ఇటూ తిప్పాను. లోపలికి పేస్టు పోకుండా నూనె గుడ్డ ముందే కుక్కాను (పోయిందా, నిజంగానే బారెల్ మార్చాలి). ఇప్పుడు అయిదు రంధ్రాలూ రూపాయి బిళ్ల కింద దాగుతున్నాయి.