పెట్రోల్ తక్కువ పోశారా, కల్తీ ఉందా? బంకులోనే తేల్చుకోండి

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు ఎవరిని కదిపినా బంకుల మీద ఏదో ఒక ఫిర్యాదు ఉంటుంది. కానీ అక్కడే నిలబడి కొలిచి చూపించమని అడిగేవాళ్లు తక్కువ. అది మన హక్కు, పైసా ఖర్చు లేదు.

సమస్య: పెట్రోల్ తక్కువ పడిందనిపిస్తోంది

ముందు బండికి పోసిన అంకె మీదనే మనకూ మొదలుపెట్టడం పాత మోసం. అందుకే నాజిల్ ట్యాంకులో పెట్టకముందే మీటరు సున్నా చూడండి. మాటల్లో పెట్టేవాళ్లు ఉంటే మరీ జాగ్రత్త. తర్వాత లీటర్లను రేటుతో గుణించి బిల్లు సరిచూసుకోండి. 100 బదులు 110, 120 కొట్టిస్తే ఎక్కువ పడుతుందన్న నమ్మకం మీద ఆధారపడకండి.

ఇంకా అనుమానం ఉంటే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర తెమ్మనండి. ప్రతి బంకులో అది ఉండాలి. అదే నాజిల్‌తో, మీ కళ్ల ముందే పోయించండి. 25 మిల్లీలీటర్ల వరకు తేడాకు అనుమతి ఉంది. అంతకు మించి తగ్గితే ఆ నాజిల్ అమ్మకం ఆపాల్సిందే.

పది లీటర్ల ట్యాంకులో పదిన్నర పట్టిందంటే మోసం అని వెంటనే గొడవకు దిగకండి. కంపెనీ చెప్పే లెక్కలో మెడ దాకా ఉండే ఖాళీ కలవదు. అక్కడ కూడా కొలపాత్రదే తుది మాట.

సమస్య: పోయించాక బండి కుదుపులిచ్చి ఆగిపోతోంది

వానాకాలంలో ముందుగా నీళ్లను అనుమానించండి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. నీళ్లు చేరితే ఇథనాల్ వాటితో కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగుతుంది, ఇంజిన్‌కు ముందు అదే అందుతుంది. సెల్ఫ్ కొడుతూ కూర్చోవద్దు. బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్ దెబ్బతింటాయి. మెకానిక్‌తో ట్యాంకు ఖాళీ చేయించి, అందులోంచి కొంచెం పెట్రోల్‌ను పారదర్శకమైన సీసాలో పట్టించండి. నిప్పుకు దూరంగా పెట్టి చూడండి. రెండు పొరలు కనిపిస్తే నీళ్లే. సీసా, బిల్లు రెండూ దాచుకోండి.

కిరోసిన్, డీజిల్ కల్తీ అనిపిస్తే ఫిల్టర్ పేపర్ అడగండి. తుడిచిన నాజిల్ మూతి నుంచి ఒక చుక్క వేస్తే, మంచి పెట్రోల్ రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. నీళ్లు కలిశాయో లేదో మాత్రం ఈ పరీక్షలో తెలియదు. ఊళ్లలో కిరాణా కొట్టు సీసా పెట్రోల్‌కు మాత్రం ఏ పరీక్షా లేదు, ఏ బిల్లూ లేదు. ఇంట్లో పిల్లలున్నచోట అది ప్రాణాపాయం కూడా.

సమస్య: ఊరికో రేటు

2017 జూన్ 16 నుంచి దేశమంతా ఉదయం 6 గంటలకు ఏ రోజు రేటు ఆ రోజు అమల్లోకి వస్తోంది. డిపో నుంచి రవాణా ఖర్చు వల్ల ఊరికీ ఊరికీ రేటు కొంత మారుతుంది. రాష్ట్రం దాటితే వ్యాట్ మారుతుంది. అందుకే మక్తల్ వాళ్లు రాయచూర్ వైపు పోతే అక్కడ చౌక, కోదాడ దాటి ఆంధ్రకు పోతే ఎక్కువ.

కొలత, కల్తీ ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. బిల్లు మీది సమయం, నాజిల్ నంబరు చెప్పండి. యూపీఐలో డబ్బు కట్ అయి బంకుకు చేరకపోతే బ్యాంకు 5 రోజుల్లో తిరిగి వేయాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన.