చెన్నైలో ఎవరింటికైనా వెళ్ళి బయల్దేరేటప్పుడు ఏమనాలి?

చెన్నైకి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి ఒక చిన్న చిట్కా. తమిళుల ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు 'పోరేన్' అని ఊరుకోకండి. మన ఇళ్ళలో 'పోతున్నా' అంటే పెద్దవాళ్ళు 'వెళ్ళొస్తాను అనాలమ్మా' అని సరిదిద్దుతారు కదా, అక్కడా అంతే. 'పోయిట్టు వరేన్' అనాలి. తొందరలో ఉంటే 'వరేన్' ఒక్కటీ చాలు. వాళ్ళు 'పోయిట్టు వాంగ' అంటారు, అది మన 'వెళ్ళి రండి'. ఇంటి ఓనరమ్మతో ఈ ఒక్క మాట అలవాటు చేసుకోండి, ఆవిడ ముఖంలో తేడా మీకే కనిపిస్తుంది. ఆఫీసులో అయితే 'కెళంబరేన్', అంటే బయల్దేరుతున్నా అంటే సరిపోతుంది. స్నేహితుల మధ్య 'బై' ఎలాగూ ఉంది.

ఫోన్ పెట్టేటప్పుడు మనం 'ఉంటాను మరి' అంటాం. దాన్ని తమిళంలోకి మార్చి చెప్పకండి, అర్థం కాదు. 'సరి, వెక్కిరేన్' అనండి, అంటే 'సరే, పెట్టేస్తున్నా' అని.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. చావు జరిగిన ఇంట్లో మనమూ 'వెళ్ళొస్తాం' అనం, వాళ్ళూ 'పోయిట్టు వరేన్' అనరు. దగ్గరివాళ్ళ చెయ్యి ఒకసారి పట్టుకుని, ఏమీ చెప్పకుండా లేచి వచ్చేయండి. ఎవరూ తప్పుగా అనుకోరు.