పందులకు జ్వరం కనిపించిన రోజే చేయాల్సిన పనులు

షెడ్డులో ఒక పంది మేత మానేస్తే అజీర్తి కావచ్చు. రెండు రోజుల్లో నాలుగైదు మానేసి, మూలన ఒకదానిమీద ఒకటి పడుకుంటే మాత్రం వైరస్‌నే అనుమానించాలి. ముందు థర్మామీటరు తీయండి. విజయవాడ, గుంటూరు ఎండల్లో మధ్యాహ్నం కొలిస్తే బాగున్న పందికీ వేడి ఎక్కువే చూపిస్తుంది; తెల్లవారుజామున కొలవాలి. పంది పడుకుని ఉన్నప్పుడే, కొనకు వాజలిన్ రాసిన డిజిటల్ థర్మామీటరు మలద్వారంలో పెట్టి, లోపలి గోడకు ఆనేలా పట్టుకోండి. పేడలో గుచ్చుకుంటే లెక్క తప్పుతుంది. 101.5 నుంచి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మామూలు. 104 దాటినవి రెండు మూడుంటే చెవులు, పొట్ట కింద, తొడల లోపలి చర్మం చూడండి. ఎర్రగానో ఊదాగానో కమిలి ఉంటే ఇక ఆలస్యం చేయొద్దు.

ఇలాంటి లక్షణాలే చూపే రెండు వైరస్ జబ్బులైన క్లాసికల్ స్వైన్ ఫీవర్‌నీ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌నీ కంటితో చూసి విడదీయడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కుదరదు. మొదటిదానికి టీకా ఉంది. మన దేశంలో 2020లో బయటపడ్డ రెండోదానికి మందూ లేదు, ఇక్కడ రైతుకు దొరికే టీకా కూడా లేదు. మనుషులకు సోకదు గానీ మందనంతా ఊడ్చేస్తుంది. తేల్చాల్సింది ల్యాబే. పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు గానీ దగ్గరి పశువైద్యశాలకు గానీ ఫోన్ చేసి డాక్టరునే షెడ్డుకు పిలవండి. గన్నవరం పశువైద్య కళాశాల దగ్గరే కదా అని జబ్బు పందిని ఆటోలో ఎక్కించొద్దు, దారంతా వైరస్ చల్లినట్టవుతుంది.

పరీక్షకు డాక్టరు రక్తాన్ని ఊదా మూత ఉన్న ఈడీటీఏ (రక్తం పేరుకోకుండా ఆపే మందు) ట్యూబులో తీస్తారు. ట్యూబును మెల్లగా తలకిందులు చేస్తూ కలపాలి. గట్టిగా ఊపితే రక్తకణాలు చితికిపోతాయి. ఐస్‌ప్యాకుల మధ్య పంపాలి, ఫ్రీజర్లో పెట్టి మంచుగడ్డలా చేయకూడదు. చచ్చిన పందిని మీరు కోయొద్దు. రక్తం నిండా వైరసే ఉంటుంది.

ఎక్కువసార్లు జబ్బు వచ్చే దారి హోటళ్ల, ఫంక్షన్ హాళ్ల ఎంగిలి. అందులో ఒక్క పంది మాంసం ముక్క చాలు. అసలు మానేయడమే మంచిది. మానలేకపోతే తెడ్డుతో కలుపుతూ గంటసేపు బాగా మరిగించండి. పచ్చి ఎంగిలి తెచ్చిన బకెట్లో ఉడికింది పోయొద్దు. చాలామంది తప్పేది ఇక్కడే.

శుభ్రం చేసేటప్పుడు ముందు పేడ, మట్టి గీకి సబ్బునీళ్లతో కడగాలి. మురికి మీద ఏ మందు చల్లినా దండగే. తర్వాత 10 లీటర్ల నీళ్లలో 200 గ్రాముల కాస్టిక్ సోడా కలిపి, షెడ్డంతా చల్లి, అరగంట తడి ఆరకుండా ఉంచండి. నీళ్లలో సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

చచ్చినవాటిని కాలవలో పడేస్తే కింది ఊళ్ల మందలకూ ముప్పే. కృష్ణా డెల్టాలో కొద్దిగా తవ్వగానే నీళ్లూరతాయి కాబట్టి, బావులకూ కాలవలకూ దూరంగా మెరక చూసి గొయ్యి తీయాలి. కళేబరాల మీద సున్నం చల్లి, కుక్కలు తవ్వలేనంత మట్టి కప్పండి.

నోట్లో, గిట్టల మధ్య బొబ్బలు లేచి కుంటుతుంటే అది గాలికుంటు కావచ్చు. అప్పుడు పక్కన ఉన్న గేదెలను, మేకలను కూడా చూపించండి. పందులు ఊపిరిలోనే ఆ వైరస్‌ను విపరీతంగా వదులుతాయి.

స్వైన్ ఫీవర్ అని తేలితే కడిగిన షెడ్డును కనీసం 40 రోజులు ఖాళీగా ఉంచండి. తర్వాత అధికారుల అనుమతితో కొన్ని పిల్లలనే వదిలి, రోజూ జ్వరం చూస్తూ ఉండండి.